చక్రాలు ఊడదీసిన రోజు

1904 నవంబర్ 24, గురువారం. అమెరికాలో ఆ రోజు థాంక్స్‌గివింగ్ పండుగ. పంట ఇంటికి చేరినందుకు దేవుడికి దండం పెట్టుకుని, టర్కీ కోడి వండుకుని, ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని తినే రోజు. కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్ పట్టణంలో బెంజమిన్ హోల్ట్‌కు మాత్రం ఆ రోజు వేరే పని పడింది. యాభై అయిదేళ్ల ఆ కంపెనీ యజమాని ఊరి పక్కనే ఉన్న రాబర్ట్స్ ఐలాండ్‌లో, బురదనేల మీద తన యంత్రాన్ని పరీక్షకు దింపాడు.

అదొక ఆవిరి ఇంజన్. కంపెనీ లెక్కల్లో దాని నంబరు 77, శక్తి 40 హార్స్‌పవర్. దూరం నుంచి చూస్తే అప్పటి పొలాల్లో తిరిగే ఆవిరి ట్రాక్టర్లకూ దీనికీ తేడా తెలియదు. అదే బాయిలర్, అదే పొగగొట్టం, ముందువైపు దారి తిప్పే అదే చక్రం. వెనక్కి వెళ్లి చూస్తే గానీ అసలు సంగతి తెలియదు. అక్కడ ఉండాల్సిన రెండు పెద్ద ఇనప చక్రాలు లేవు. వాటి చోట నేలను ఆనుకుని తొమ్మిదేసి అడుగుల పొడవున రెండు గొలుసులున్నాయి. గొలుసు పొడవునా వరసగా చెక్క పలకలు బిగించి ఉన్నాయి. గొలుసు తిరిగితే పలకలు ఒకదాని తర్వాత ఒకటి నేల మీద పరుచుకుంటాయి. బండి వాటి మీదుగా సాగుతుంది. దాటేసిన పలకలు వెనక లేచి, పైనుంచి మళ్లీ ముందుకొస్తాయి. తన బాట తానే పరుచుకుని తానే చుట్టేసుకునే బండి అన్నమాట.

కోనసీమ రైతుకు ఇది ఇంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు. కోతల ముందు వాన పడి చేను బురదగా ఉంటే టైర్ మిషన్ దిగదు. చైన్ మిషన్ కోసం ఫోన్లు చేస్తాం, గంట అద్దె ఎక్కువైనా ఒప్పుకుంటాం. ఆ చైన్ మిషన్‌కు తాతల నాటి తాత ఆ రోజు రాబర్ట్స్ ఐలాండ్‌లో పొగ వదులుతున్న నంబర్ 77.

ఆ నేల గురించి కాస్త చెప్పుకోవాలి. శాక్రమెంటో, శాన్ వోకీన్ నదులు కలిసే డెల్టా అది. వేల ఏళ్లపాటు తుంగ పెరిగి, కుళ్లి, మళ్లీ పెరిగి పొరలు పొరలుగా పేరుకున్న నల్లటి పీట్ నేల. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో చైనా నుంచి వచ్చిన కూలీలు నడుంలోతు బురదలో నిలబడి కట్టలు పోస్తే, ఆ చిత్తడంతా దీవులు దీవులుగా సాగులోకి వచ్చింది. నేల బంగారమే. ఏది వేసినా పండుతుంది. కాకపోతే దాని మీద నిలబడటమే కష్టం. దున్నడానికి దిగిన గుర్రం కాలు కూరుకుపోతుంది. అందుకని ఆ డెల్టాలో గుర్రాల గిట్టలకు పళ్లేల్లాంటి వెడల్పాటి ప్రత్యేకమైన చెప్పులు కట్టేవారు. బరువు ఎక్కువ చోట పరుచుకుంటే నేల మోస్తుందని అక్కడి రైతులకు ముందే తెలుసు. గుర్రానికి తెలిసిన ఆ సూత్రాన్ని ఇంజన్‌కు ఎలా నేర్పాలన్నదే ప్రశ్న.

హోల్ట్ మొదట అందరిలాగే ఆలోచించాడు. చక్రం కూరుకుపోతోందా, అయితే ఇంకాస్త వెడల్పు చేద్దాం. ఇంకా కూరుకుపోతోందా, ఇంకాస్త. అలా పెంచుకుంటూ పోయి చివరికి 46 అడుగుల వెడల్పున్న ట్రాక్టర్ తయారుచేశారు. ద్రాక్షతోటల వాళ్లకు అర్థమయ్యే లెక్కలో చెప్పాలంటే, ఎనిమిది అడుగుల సాళ్లు దాదాపు ఆరింటిని ఒకేసారి తొక్కేసే బండి. దాన్ని మలపడం ఒక యజ్ఞం, చెడితే బాగుచేయడం మరో యజ్ఞం. ఖర్చు సరేసరి. వెడల్పుకు అంతు కనబడలేదు. అప్పుడు చక్రాన్నే ఊడదీశాడు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. హోల్ట్ సోదరుల వ్యాపారం మొదలైందే చక్రాలతో. 1883లో స్టాక్‌టన్‌లో వాళ్లు తెరిచిన కంపెనీ పేరే స్టాక్‌టన్ వీల్ కంపెనీ. బండి చక్రాలు చేసి అమ్మిన ఇంట్లోనే చక్రం వద్దనే ఆలోచన పుట్టింది. అయితే ఆ ఇంటికి గొలుసులు కూడా కొత్తేమీ కాదు. 1880ల్లో వాళ్లు చేసిన కోత యంత్రాల్లో పళ్లచక్రాల బదులు గొలుసులతో శక్తి అందించేవారు. ఇరవై, ముప్ఫై కంచర గాడిదలు లాగే ఆ యంత్రాల్లో పళ్లు విరిగితే పని ఆగిపోయేది. గొలుసు తెగితే ఒక లంకె మార్చుకుని మళ్లీ బయల్దేరవచ్చు. కొండవాలు మీద ఒరిగిపోకుండా నిలిచే కోత యంత్రాన్ని కూడా 1891లోనే తెచ్చారు. అంటే గొలుసు, వాలు, మెత్తనేల మూడింటితోనూ ఇరవై ఏళ్లుగా కుస్తీ పట్టిన మనిషే ఆ గురువారం అక్కడ ఉన్నాడు.

పొయ్యి రాజుకుంది. ఆవిరి పట్టింది. లీవరు లాగారు. నాగళ్లు తగిలించిన నంబర్ 77 కదిలింది. అక్కడున్నవాళ్లు యంత్రాన్ని వదిలేసి దాని కింది నేలనే చూసి ఉంటారు. చక్రాల బండి అయితే ఈపాటికి ఇరుసు దాకా దిగబడేది. ఇది దిగబడలేదు. చెక్క పలకలు పీట్ మీద తమ అచ్చు వేసుకుంటూ పోయాయి. వెనకాల నల్లమట్టి తిరగబడింది. చిత్తడి డెల్టా నేలను చైను మీద నడిచే ఇంజన్ దున్నిన రోజుగా ఆ తేదీ వ్యవసాయ యంత్రాల చరిత్రలో నిలిచిపోయింది.

హోల్ట్ కంటే ముందు ఈ ఆలోచన ఎవరికీ రాలేదా అంటే, వచ్చింది. అమెరికా ఈశాన్య మూల ఉన్న మెయిన్ రాష్ట్రంలో ఆల్విన్ లాంబార్డ్ మంచు మీద దుంగలు లాగే చైన్ ఇంజన్‌కు 1901లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఇంగ్లండ్‌లో హార్న్‌స్‌బీ కంపెనీ ఇంజనీరు డేవిడ్ రాబర్ట్స్ కూడా దాదాపు అదే కాలంలో గొలుసు బాటల మీద పనిచేశాడు. ఆ పేటెంట్లను తర్వాత హోల్టే కొనుక్కున్నాడు. హోల్ట్ ఘనత కనిపెట్టడంలో కంటే పొలంలోకి దింపి, అమ్మి, ఊళ్లోకి తేవడంలో ఉంది. 1906లో లూసియానా చిత్తడి నేలల్లోని ఒక కంపెనీకి 5,500 డాలర్లకు మొదటి బండి అమ్మాడు. ఆవిరి పోయి పెట్రోల్ ఇంజన్ వచ్చింది. చార్లెస్ క్లెమెంట్స్ అనే ఫొటోగ్రాఫర్ కెమెరా అద్దంలో తలకిందులుగా కనబడుతున్న ఆ గొలుసు కదలిక చూసి గొంగళిపురుగులా పాకుతోందన్నాడట. హోల్ట్‌కు ఆ మాట నచ్చింది. బండికి క్యాటర్‌పిల్లర్ అనే పేరు అలా పడిందని చెబుతారు.

తర్వాతి ఇరవై ఏళ్ల కథ సినిమాకు సరిపోయేంత ఉంది. క్లుప్తంగా చెప్పుకుందాం. శాన్ లియాండ్రోలో డేనియల్ బెస్ట్ అనే పోటీదారు ఉండేవాడు. హోల్ట్‌తో కోర్టులో తగువులాడి, చివరికి 1908లో కంపెనీని హోల్ట్‌కే అమ్మేశాడు. బెస్ట్ కొడుకు లియో కొంతకాలం హోల్ట్ దగ్గరే పనిచేసి, 1910లో బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టి, తండ్రి వదిలేసిన పోటీని మళ్లీ మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో హోల్ట్ బండ్లు ఫిరంగులు లాగాయి. ఆ బండ్ల స్ఫూర్తితో యుద్ధ ట్యాంకు ఆలోచన చేసిన బ్రిటిష్ అధికారి ఎర్నెస్ట్ స్వింటన్ 1918లో స్టాక్‌టన్‌కు స్వయంగా వచ్చి కృతజ్ఞతలు చెప్పి వెళ్లాడు. 1920 డిసెంబరులో హోల్ట్ కన్నుమూశాడు. 1925లో రెండు కంపెనీలూ ఒక్కటై క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్ కంపెనీ అయ్యాయి.

యుద్ధం ముగిసేసరికి హోల్ట్ కంపెనీ దగ్గర ఫిరంగులు లాగే భారీ బండ్ల అనుభవం దండిగా ఉంది. వాటిని కొనే సైన్యాలే లేవు. ఇక బతకాలంటే రైతు దగ్గరికే రావాలి. రైతుకేమో చిన్న బండి కావాలి. ద్రాక్షతోట కథ ఇక్కడ మొదలవుతుంది.

* * *

స్టాక్‌టన్‌కు ఉత్తరాన కొద్ది మైళ్ల దూరంలో లోడై అనే ఊరు ఉంది. 1907లో అక్కడ టోకే ద్రాక్ష పేరున జాతర చేసి, దానికోసం కట్టిన స్వాగత తోరణం ఇప్పటికీ ఊరి మధ్య నిలబడి ఉంది. ఇసుక కలిసిన గరప నేల, పగలు ఎండ, సాయంత్రానికి డెల్టా నుంచి వీచే చల్లగాలి. ఇంకేం కావాలి తీగకు? చైన్ బండి పుట్టిన డెల్టా, ద్రాక్ష పండే లోడై రెండూ ఇరుగుపొరుగే. అయినా ఆ బండి తోటలోకి అడుగుపెట్టడానికి ఏళ్లు పట్టింది.

కారణం కొలతల్లో ఉంది. అప్పటి కాలిఫోర్నియా తోటల్లో మన పందిళ్ల లాంటివి ఉండేవి కావు. ఒక్కో మొక్కను నడుమెత్తు మోడుగా పెంచి, దాని తల నుంచే కొమ్మలు గొడుగులా వాలేలా కత్తిరించేవారు. మొక్కకూ మొక్కకూ మధ్య ఎటు కొలిచినా ఒకే దూరం, చాలాచోట్ల ఎనిమిది అడుగులు. నిలువుగా దున్ని, మళ్లీ అడ్డంగా దున్నడానికి ఆ ఏర్పాటు. ఒకటి రెండు గుర్రాలకు సరిపోయే దారి అది. ఫిరంగులు లాగే పది టన్నుల బండిని అందులోకి తోలితే తోట మిగలదు.

అందుకే చిన్న బండ్ల వేట మొదలైంది. శాన్ హోసేలో మందు పంపులు చేసే బీన్ కంపెనీ పళ్లతోటల కోసం ట్రాక్‌పుల్ అనే చిన్న చైన్ బండిని తెచ్చింది. మేరీస్‌విల్‌లో యూబా కంపెనీ గొలుసు లోపల ఇనప గుండ్లు దొర్లే వింత బండి చేసింది. క్లీవ్‌లాండ్ నుంచి క్లెట్రాక్ వచ్చింది. యుద్ధం తర్వాత హోల్ట్ తన బండ్లకు బరువునే పేరుగా పెట్టింది: పది టన్, అయిదు టన్, రెండు టన్. రైతు ముందు అడిగేది బరువే కాబట్టి ఆ పేర్లు తెలివైనవే.

ఈలోగా తోటల తలరాత మారింది. 1920లో అమెరికాలో మద్యనిషేధం వచ్చింది. ద్రాక్ష రైతుల పని అయిపోయిందనుకున్నారంతా. జరిగింది వేరు. ఇంట్లో వాడుకోవడానికి పళ్లరసం చేసుకోవచ్చని చట్టంలో చిన్న వెసులుబాటు ఉంది. ఆ రసం పీపాలో ఏమవుతుందో అందరికీ తెలుసు, అడిగేవాడు లేడు. షికాగో, న్యూయార్క్ నగరాల్లోని ఇటలీ కుటుంబాలు కాలిఫోర్నియా ద్రాక్షను రైలు పెట్టెల లెక్కన కొన్నాయి. వైన్ తయారీ కేంద్రాలు మూతపడ్డా తోటలు మాత్రం విస్తరించాయి. తోలు మందంగా ఉండి రైలు ప్రయాణం తట్టుకునే అలికాంట్ రకం నాటనివాడు పాపం చేసినట్టు చూశారు. దున్నాల్సిన నేల పెరిగింది. గుర్రాలు, వాటి వెనక నడిచే మనుషులు చాలలేదు.

1928లో క్యాటర్‌పిల్లర్ తన బండ్లన్నిటిలోకీ చిన్నదైన ‘టెన్’ను దింపింది. దాదాపు రెండు టన్నుల బరువు. రెండు గొలుసుల నడిమధ్యల మధ్య దూరం 37 అంగుళాలే. ఎనిమిది అడుగుల సాల్లో ఇది అటూ ఇటూ చోటు మిగుల్చుకుని పోతుంది.

అప్పటి లోడై చుట్టుపక్కల తోటల్లో ఏదో ఒకదాన్ని ఊహించుకుందాం. ఇంటి పేరు అక్కర్లేదు. కొత్త బండి వచ్చిన ప్రతి తోటలోనూ ఇంచుమించు ఇదే జరిగి ఉంటుంది. ఫిబ్రవరి చివర, వాన వెలిసి మూడు రోజులైంది. సాళ్ల మధ్య గడ్డి మోకాలి దాకా ఉంది. ఇప్పుడు దున్నకపోతే నేలలో ఉన్న తేమంతా గడ్డే తాగేస్తుంది. వేసవిలో అక్కడ చుక్క వాన పడదు. గుర్రాల్ని పట్టుకుని తండ్రి గట్టు మీద నిలబడ్డాడు. కొడుకు టెన్ మీద కూర్చున్నాడు.

"గుర్రం మొక్కను చూసి తనే పక్కకు జరుగుతుంది. ఇది జరుగుతుందా?"

"నేను చూస్తాగా నాన్నా."

"నువ్వు వెనక నాగలిని చూసుకుంటావు. ముందు ఎవరు చూస్తారు?"

ఆ ప్రశ్నకు ఇవాళ్టికీ పూర్తి జవాబు లేదు. ద్రాక్షతోటలో ట్రాక్టర్ నడపడమంటే మెడ పనే. ముందుకో చూపు, వెనక్కో చూపు.

బండి సాల్లోకి దిగింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి గొలుసును దగ్గరగా చూడాలి. వెనక పళ్లచక్రం గొలుసును లాగుతుంది. ముందు చక్రం దాన్ని బిగుతుగా పట్టుకుంటుంది. మధ్యలో చిన్న రోలర్లు బండి బరువును గొలుసు మీద సమంగా పరుస్తాయి. ప్రతి పలకకూ అడ్డంగా ఒక ఇనప పట్టీ లేచి ఉంటుంది. అది మట్టిలో గోరులా దిగి పట్టు ఇస్తుంది. రబ్బరు టైరు అయితే ఏ క్షణమైనా అరచేతుల మేర చోటే నేలను తాకుతుంది. గొలుసు మాత్రం తన కింది వరస పొడవంతా నేల మీదే ఉంచుతుంది. అందుకే రెండు టన్నుల ఇనుము పోయినా వెనక మిగిలేది పలకల అచ్చే, గాడి పడదు.

సాలు చివర మలుపు వచ్చింది. స్టీరింగ్ చక్రం లేదు, రెండు చేతి లీవర్లున్నాయి. ఎడమ లీవరు లాగితే ఎడమ గొలుసుకు ఇంజన్ శక్తి తెగుతుంది. ఎడమ కాలి బ్రేకు నొక్కితే ఆ గొలుసు ఉన్నచోటే నిలిచిపోతుంది. కుడి గొలుసు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. బండి గిరుక్కున తిరిగి పక్క సాలుకు ఎదురుగా నిలుస్తుంది. గుర్రాల జోడీకి కావాల్సిన చోటులో సగం చాలు. ఇదీ తోట రైతును పడగొట్టిన మలుపు. సాలు చివర తక్కువ చోటు వదిలితే ఎకరానికి నాలుగు మొక్కలు ఎక్కువ పడతాయి.

దానికి చెల్లించే ధర కూడా అక్కడే కనబడుతుంది. నిలిచిన గొలుసు మట్టిని గీకి పక్కకు నెట్టేస్తుంది. పది సాళ్లు తిరిగేసరికి గట్టు పొడవునా నెలవంకల్లాంటి గుంటలు తేలతాయి. తొందరపడి తిప్పితే సాలు చివరి మొక్క బెరడు లేస్తుంది. తండ్రి ముందు చూసేది ఆ మొక్కనే.

* * *

వరి, గోధుమ రైతుకు లేని చిక్కు ద్రాక్ష రైతుకు ఒకటుంది. చైన్ బండిని ఇంతగా అంటిపెట్టుకున్నది ద్రాక్షతోటల వాళ్లే ఎందుకన్నది ఇక్కడే తెలుస్తుంది. గోధుమ రైతు ఈ ఏడు ఒక దారిన తోలితే వచ్చే ఏడు మరో దారిన తోలతాడు. నేల అణిగినా నాగలితో లోతుగా తిరగేసి సరిచేసుకుంటాడు. ద్రాక్షతోటలో ఆ వీలు లేదు. నాటిన రోజున దారి ఎక్కడ పడిందో మొక్క బతికున్నంత కాలం అదే దారి. లోడైలో 1886లో నాటిన సిన్సో రకం తోట నూరేళ్లు దాటాక కూడా కాపు కాసింది. దున్నడానికి, గంధకం చల్లడానికి, కోసిన పళ్లు మోయడానికి ప్రతిసారీ అదే సాలు. చక్రాల ట్రాక్టర్ అయితే ప్రతిసారీ అవే రెండు గీతలు. ఆ గీతల కింద మట్టి గట్టిపడుతుంది. గాలి ఆడదు, నీరు దిగదు. తీగ వేరు అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. పైకి తోట పచ్చగానే ఉంటుంది, దిగుబడి ఎందుకు జారుతోందో పదేళ్లకు గానీ అర్థం కాదు.

చైను ఆ రోగాన్ని పూర్తిగా తప్పిస్తుందంటే నేను నమ్మను. కంపెనీలవాళ్లు చెప్పే చదరపు అంగుళం లెక్కలు బండి కదలకుండా నిలబడినప్పటివి. నాగలి లాగేటప్పుడు బరువు వెనక్కి జారుతుంది, రోలరు కింది పలక మిగతావాటికంటే గట్టిగా నొక్కుతుంది. అయినా తడినేల మీద టైరుకూ చైనుకూ ఉన్న తేడా కంటికి కనబడేదే. వాన వెలిసిన మూడో రోజున కాక మర్నాడే తోటలోకి దిగగలగడం కూడా ఆ తేడాలోకే వస్తుంది. తెగుళ్లతో పోరాడే రైతుకు ఆ రెండు రోజుల విలువ తెలుసు.

చైనుకు అసలు శత్రువు ఇసుక. ఆ సంగతి 1908లోనే బయటపడింది. లాస్ ఏంజెలెస్‌కు నీరు తెచ్చే కాలువ పనుల కోసం మొజావే ఎడారిలోకి హోల్ట్ బండ్లు దింపితే, దుమ్ముకు, వేడికి మొరాయించి మరమ్మతుల ఖర్చుతో బెంబేలెత్తించాయి. చివరికి మళ్లీ కంచర గాడిదలనే తెచ్చుకున్నారు. లోడై నేల ఎడారి కాకపోయినా ఇసుక పాలు ఎక్కువే. గొలుసు లంకెల మధ్య పిన్నుల్లోకి, బుష్‌లలోకి ఇసుక చేరితే ఆకురాయితో అరగదీసినట్టే. పాత చైన్ బండి కొనేవాడు ఇంజన్ శబ్దం వినకముందే వంగి పళ్లచక్రం పళ్లు చూస్తాడు. అవి కొక్కేల్లా మొన తేలి ఉంటే బేరం అక్కడే సగానికి పడుతుంది.

డీజిల్ వచ్చాక ఈ బండ్ల ఆయుష్షు పెరిగింది. 1938లో క్యాటర్‌పిల్లర్ తెచ్చిన డి2 కాలిఫోర్నియా తోటల్లో ఇంటిమనిషి అయిపోయింది. 40 అంగుళాల ఇరుకు గొలుసుల రకం, 50 అంగుళాల రకం రెండూ దొరికేవి. 1957లో తయారీ ఆగిపోయినా అక్కడి కొన్ని తోటల్లో డి2లు ఇంకా దున్నుతూనే ఉన్నాయి.

* * *

లోడై చదునైన నేల. చైన్ బండికి అసలు పరీక్ష పెట్టింది ఇటలీ. అక్కడ మంచి ద్రాక్ష కొండవాలు మీదే పండుతుంది. 1930ల మొదట్లో టురిన్‌లోని ఫియట్ 700సి అనే చైన్ ట్రాక్టర్‌తో ఆ దారి తెరిచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఎమీలియా ప్రాంతంలో ఊరికో ట్రాక్టర్ కర్మాగారం లేచింది.

వాటిలో ఒకదాని పేరు మనవాళ్లందరికీ తెలుసు, తెలిసిన కారణం మాత్రం వేరు. ఫెరూచియో లాంబోర్గిని 1916లో చెంతో దగ్గర రెనాజ్జో అనే పల్లెలో ద్రాక్ష రైతుల ఇంట పుట్టాడు. యుద్ధంలో మిగిలిపోయిన వాహనాల భాగాలతో ట్రాక్టర్లు చేసి, 1948లో కంపెనీ పెట్టాడు. 1950ల్లో చైన్ ట్రాక్టర్లు కూడా తయారుచేశాడు. ఎద్దు బొమ్మ పెట్టుకుని హైదరాబాద్ రోడ్ల మీద గర్జించే కార్లు 1963 నాటి తర్వాతి సరదా. 1970ల మొదట్లో ట్రాక్టర్ల కంపెనీ ఒకరికి, కార్ల కంపెనీ ఇంకొకరికి వదిలేసి, ఉంబ్రియాలో ట్రసిమేనో సరస్సు పక్కన భూమి కొని ద్రాక్ష నాటుకున్నాడు. 1993లో పోయేదాకా వైన్ తయారుచేస్తూ గడిపాడు. కార్లవాడిగా ప్రపంచానికి గుర్తున్న మనిషికి మొదలూ చివరా ద్రాక్షతోటే.

వాలు మీద చైన్ బండి గొప్ప దాని ఎత్తులో ఉంది. బరువంతా నేలకు దగ్గరగా ఉంటుంది, డ్రైవర్ కూడా దాదాపు గొలుసుల మధ్యే కూర్చుంటాడు. టైర్ బండి జంకే వాలు మీద ఇది ధీమాగా పోతుంది. ప్రాణం తీసేది కూడా ఆ ధీమాయే. తడిగడ్డి మీద అడ్డంగా పోతున్నప్పుడు ఇనప గొలుసు పట్టు వదిలితే, టైరులా మళ్లీ పట్టుకోదు. బండి మొత్తం పక్కకు జారుతుంది. కింద గట్టో రాయో తగిలితే దొర్లుతుంది. డ్రైవర్ నెత్తి మీద ఇనప చట్రం ఉంటే బతకవచ్చు. కానీ తోటలో ఆ చట్రం తీగలకు తగులుతుందని మడిచేసి పెడతారు. తీగలు కాపాడబోయి మనిషిని పోగొట్టుకున్న ప్రమాదాలు ఇటలీ పల్లెల్లో ఎన్నో. పాత బండ్లకు చట్రమే ఉండదు. లాభం లెక్కలు రాసేవాళ్లు ఈ పేరా కూడా రాయాలి.

వాలు మరీ ఎక్కువైతే చైను కూడా చాలదు. జర్మనీలో మోసెల్ నది ఒడ్డున బ్రెమ్ ఊరి దగ్గర కాల్మాంట్ తోట కొన్నిచోట్ల 65 డిగ్రీల వాలుతో ఉంటుంది. నిచ్చెన వేసినట్టే అనుకోండి. అలాంటి చోట పని ఎక్కువగా చేతులతోనే. అంతకంటే కాస్త నయమైన వాలుల్లో చైన్ బండిని పైన కట్టిన ఉక్కు తాడుతో లాగి పట్టుకుంటూ దింపుతారు. ఫ్రాన్స్‌లోని షాంపేన్‌లో కష్టం వేరే. అక్కడ సాళ్ల మధ్య మీటరుకు కాస్త అటూ ఇటూ చోటే. మనిషి వెడల్పు చిన్న చైన్ బండ్లు కొన్ని తోటల్లో, మొక్కల మీదుగా కాళ్లు చాపుకుని పోయే ఎత్తు ట్రాక్టర్లు కొన్ని తోటల్లో తిరుగుతుంటాయి.

ఇనప గొలుసుకు మరో చికాకు తారు రోడ్డు. దాని మీద నడిపితే రోడ్డు పాడు, గొలుసు పాడు. పక్క తోటకు వెళ్లాలన్నా ట్రాలీ మీద ఎక్కించుకోవాలి. 1987లో క్యాటర్‌పిల్లర్ చాలెంజర్ 65తో రబ్బరు బెల్టు చైన్లు పెద్ద పొలాల్లోకి వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది. ఇప్పుడు ఇటలీ కంపెనీలు తోటల కోసం నాలుగు చక్రాల చోటా నాలుగు రబ్బరు గొలుసులు పెట్టిన బండ్లు కూడా చేస్తున్నాయి. రోడ్డు మీద ఇనుము కంటే నయం. మొనదేలిన రాళ్ల నేలలో మాత్రం ఆ రబ్బరు తొందరగా చిరుగుతుంది. కొత్త జత ధర విని వెనక్కి ఇనుముకే పోయినవాళ్లున్నారు.

మరి మన దగ్గర? హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఇ-షాహీ పందిళ్లుండేవి. వాటిలో చాలా భాగం ఇప్పుడు వెంచర్లయ్యాయి. నాసిక్‌లోనో, ఇక్కడ మిగిలిన తోటల్లోనో పనిచేసేవి చిన్న చక్రాల ట్రాక్టర్లే. నేల చదును, సాళ్లు వెడల్పు, ఆ బండి ధరలో చైన్ బండి రాదు. కాబట్టి తప్పుపట్టడానికి ఏమీ లేదు, ఒక్క సమయంలో తప్ప. అక్టోబర్‌లో కత్తిరింపు అయి చిగురు వస్తున్నప్పుడు వాన పడుతుంది. లేత ఆకుకు బూజు తెగులు అంటుకునేది అప్పుడే. మందు ఆ పూటే కొట్టాలి. నల్లరేగడి ఇంకా ఆరలేదు. వందల లీటర్ల మందునీళ్ల ట్యాంకు తగిలించుకుని చక్రాల బండి దిగుతుంది, గాడి పడుతుంది, మళ్లీ వాన, మళ్లీ మందు, మళ్లీ అదే గాడి. కొండవాలు సంగతి తర్వాత చూసుకోవచ్చు. మన ద్రాక్షతోటల్లో చైన్ బండికి పని దొరికేది ముందు ఆ అక్టోబర్ వారాల్లోనే. ఇంటికొకటి కొనలేకపోయినా, వరి కోతకు చైన్ మిషన్ అద్దెకు దొరుకుతున్న రాష్ట్రాల్లో మందు కొట్టడానికి చిన్న రబ్బరు చైన్ బండి గంట లెక్కన ఎందుకు దొరకకూడదో నాకైతే అర్థం కాలేదు.